పేరులోని వ్రాత – పేరులోని పిలుపు

జపాను లిపిలో 'పేరు' అను అర్థము నిచ్చు అక్షరమొకటి కలదు. అది రెండు చిన్న అక్షరముల కూడిక. పైన నున్నది సాయంకాలము. క్రింద నున్నది నోరు. క్రీ.శ. 100 ప్రాంతమున చీనా దేశమున వెలసిన ఒక నిఘంటువు దీనికి చెప్పిన వివరణ యిది: చీకటి పడిన పిమ్మట మనిషికి మనిషి కానరాడు గనుక ఎవరి పేరు వారు నోటితో చెప్పుకొనవలసి వచ్చినది. ఈ వ్యుత్పత్తి నిజమైనను, కథయైనను, మాకు మిక్కిలి నచ్చినది. చీకటిలో పేరనగా పిలుపు మాత్రమే. దీపము వెలిగించి కాగితము ముందు కూర్చున్నప్పుడు గదా వ్రాత సంగతి వచ్చునది!

ఆ వ్రాతను గూర్చియే మేము ఈ సంచికలో కొంత విన్నవింప దలచితిమి. ఒక మనిషి పేరు ఎట్లు పలుకబడునో అది ఎంత ముఖ్యమో, ఏ అక్షరములతో వ్రాయబడునో అదియు నంత ముఖ్యమని మా అభిప్రాయము. ఈ రెంటిని ఆ మనిషినే అడిగి తెలిసికొని, రెంటిని భద్రపరచుట విద్యాసంస్థల బాధ్యత. జపాను వారు ఇందులో ఒక కాలిని చాలకాలము క్రిందటనే గట్టిగా మోపి, రెండవ కాలిని ఇటీవలనే మోపిరి. మన కళాశాల మాత్రము ఒక కాలి మీదనే కుంటుచున్నది.

మొదట వారి పద్ధతిని కొంచెము చెప్పవలెను. వారిలో ఇంటి పేరు ముందు, పెట్టిన పేరు వెనుక. ఇందులో తెలుగువారికి వింత యేమియు లేదు. వింత యంతయు వ్రాతలోనే. హిరగానా, కతకానా అను రెండు లిపులు మన అక్షరమాల వలె ధ్వనిని తెలుపునవి. ఒక్కొక్క దానిలో మూలాక్షరములు 46. మూడవది చీనా నుండి వచ్చిన కంజి. (మన యింటి గంజికి దీనికి చుట్టరికము లేదు.) కంజి అక్షరము ముఖ్యముగా అర్థమునకు గుర్తు. ఒక్కొక్క కంజికి చీనా నుండి వెంట వచ్చిన పలుకు ఒకటి, జపాను దేశపు సొంత పలుకు మరియొకటి, ఒక్కొక్కప్పుడు మూడును నాలుగును గూడ ఉండును. ఇవి చాలవన్నట్లు, మనుష్యుల పేర్లలో మాత్రమే వినవచ్చు ప్రత్యేకపు పలుకులు కొన్ని కలవు. పెట్టిన పేర్లలో చాల భాగము ఒకటి మొదలు మూడు కంజులతో వ్రాయబడును.

'అకిరా' అను పేరు తీసికొందము. చలనచిత్ర దర్శకుడు కురొసావా అకిరా (1910–1998) పేరు మన విద్యార్థులలో పెక్కుమంది విన్నదే. ఆయన పేరునకు ఒక్కటే కంజి: సూర్యుని గుర్తు, దాని ప్రక్కన చంద్రుని గుర్తు. రెండు వెలుగులు కూడి 'ప్రకాశము' అయినవి. మరియొక అకిరా తన పేరును మూడు సూర్యులను గుదిగ్రుచ్చిన అక్షరముతో వ్రాసికొనును. దానికి స్ఫటికమని అర్థము. ఇంకొకని అక్షరములో సూర్యుని క్రింద కాంతి గుర్తు ఉండును. వేరొకనిది షోవా యుగము పేరులోని మొదటి అక్షరము. వాకిట నిలిచి "అకిరా!" అని పిలిచినచో నలుగురును పలుకుదురు. కాగితము మీద మాత్రము నలుగురును నాలుగు వేరు మనుష్యులు. నలుగురి తల్లిదండ్రులు కోరినది నాలుగు విధములైన వెలుగు.

కనుకనే జపానులో క్రొత్తగా పరిచయమైన వారు పేరు విన్న వెంటనే "ఏ అక్షరములతో వ్రాయుదురు?" అని అడుగుదురు. ఇట్లడుగుట అక్కడ అజ్ఞానము గాదు, మర్యాద. టెలిఫోనులో నైనచో "వెలుగు అను మాటలోని అకిరా" అని విడమరచి చెప్పుదురు.

తిరుగుడు చిక్కు మరియొకటి యున్నది. 'భాగ్యము', 'శిశువు' అను రెండు కంజులు వ్రాసినచో అది సచికో కావచ్చును, యుకికో కావచ్చును. 'సమృద్ధి', 'శిశువు' అని వ్రాసినచో యూకో కావచ్చును, హిరోకో కావచ్చును. అక్షరములవే, అర్థమదే, పిలుపు వేరు. క్రొత్త తరగతిలో హాజరు పట్టీ చేతబట్టుకొని నిలిచిన ఉపాధ్యాయుడు ఎంత విద్వాంసుడైనను ఆ బాలికను అడుగక తప్పదు. ఇందుకొరకై వారు కంజి పైన చిన్న అక్షరములతో ధ్వనిని వ్రాయు అలవాటు చేసికొనిరి. దానిని ఫురిగానా అందురు. బ్యాంకు ఫారమైనను, ఆసుపత్రి చీటియైనను, పాఠశాల దరఖాస్తు అయినను పేరు గడికి తోడుగా ఫురిగానా గడి ఉండుట అక్కడ పరిపాటి.

ఈ చిక్కు మనకు క్రొత్తదా? ఉర్దూ చదివిన మిత్రులు మా మాటకు నవ్వుకొందురు. ఐన్, అలిఫ్, లామ్, మీమ్ అను నాలుగు అక్షరములు వ్రాసి జబర్, జేర్ గుర్తులు పెట్టకున్నచో దానిని 'ఆలమ్' అని చదువవచ్చును, 'ఆలిమ్' అనియు చదువవచ్చును. మొదటిది లోకము, రెండవది విద్వాంసుడు. ఇది సచికో, యుకికోల కథయే. అకిరాల కథ కావలెనన్నచో 'నజీర్' అను పేరు చూడుడు. తెలుగులో ఒక్కటే నజీర్. ఉర్దూలో జాల్ అక్షరముతో వ్రాసినచో హెచ్చరించువాడు. జోయె అక్షరముతో వ్రాసినచో సాటివాడు, ఉదాహరణ మైనవాడు. ఉర్దూలో ఇట్టి ధ్వనికి జీమ్ గాక జే, జాల్, జ్వాద్, జోయె అని నాలుగు అక్షరములుండగా తెలుగు 'జ' యొక్కటే వాని నన్నిటిని మ్రింగివేయును. మన దక్కనీ నాలుక మరియొక చిత్రము చేయును. చంద్రుడను అర్థము గల పేరును పెద్ద ఖాఫ్ అక్షరముతో వ్రాసి మనవారు 'ఖమర్' అని పలుకుదురు. తెలుగు గుమాస్తా విన్నది విన్నట్లు వ్రాయును. అరబ్బీ తెలిసినవాడెవడైన ఆ తెలుగు వ్రాతను మరల తన లిపిలోనికి మార్చినచో అది మద్యము అను మాటకు చాల చేరువకు పోవును. 'కమర్' అని వ్రాసినచో నడుము. పాపము చంద్రుడు!

ఆంగ్లము చేయు అపకారము ఇంతకంటె తక్కువది కాదు. కమల్ అనగా తామర, కమాల్ అనగా పరిపూర్ణత. ఒకే బల్ల మీద కూర్చున్న హిందూ విద్యార్థి, ముస్లిము విద్యార్థి ఆంగ్లమున ఒకే అయిదు అక్షరములుగా మారిపోదురు. రమ, రామ, రామా అను మూటికి అదే గతి.

అర్థముల విషయము చెప్పవలెనన్నచో జపాను పేర్లు ఒక తోట వంటివి. కొన్ని మాత్రమే కోసి చూపగలము. కొడుకులను లెక్కపెట్టుట అందులో ఒకటి. ఇచిరో అనగా మొదటి కొడుకు, జిరో రెండవవాడు, సబురో మూడవవాడు. నోబెల్ బహుమానము నందిన నవలాకారుడు ఒయే కెంజబురో పేరులో ఆరోగ్యమును ఉన్నది, మూడును ఉన్నది. కాని లెక్కను నమ్మి మోసపోరాదు. బేస్‌బాల్ ఆటలో లోకప్రసిద్ధుడైన సుజుకి ఇచిరోకు ఒక అన్న గలడు. ఆయన పేరు చివరి 'రో' కొడుకని తెలుపు అక్షరము గాదు, ప్రసన్నుడను అర్థము గలది. చెవికి తెలియని ఈ సంగతి కంటికి ఇట్టే తెలిసిపోవును.

కాలము కూడ పేర్లలో నిలిచిపోవును. 1926 డిసెంబరు 25న షోవా యుగము ఆరంభమైనది. 1927, అనగా షోవా 2వ సంవత్సరమున పుట్టిన మగబిడ్డలు అనేకులకు ఆ యుగపు మొదటి అక్షరమును, రెండను అంకెను చేర్చి షోజి అని పేరు పెట్టిరి. మరుసటి యేడు పుట్టినవారు మూడను అంకెతో షోజో అయిరి. ఆ యుగనామములోని రెండవ అక్షరము సామరస్యము. దానితో కజుకో అను పేరుగల బాలికలు ఇంటింట వెలసిరి. యుద్ధ సంవత్సరములలో మగబిడ్డల పేర్లలో 'గెలుపు' అను అక్షరము విరివిగా కానవచ్చెను. ఆ బిడ్డలు గెలుపు పేరు మోయుచునే 1945 నాటి ఓటమిని చూచిరి. తల్లిదండ్రుల కోరిక ఒకటి, చరిత్ర నడక ఒకటి.

చక్రవర్తి వంశమున శతాబ్దములుగా పురుషుల పేర్ల చివర 'హితో' అని పలుకబడు అక్షరమున్నది: హిరోహితో, అకిహితో, నేటి చక్రవర్తి నరుహితో. ఆ అక్షరములో మనిషి గుర్తు ప్రక్కన రెండను అంకె యుండును. ఇద్దరు మనుష్యుల నడుమ నుండవలసిన దయ, మానవత అని దాని అర్థము. 2001లో జన్మించిన రాకుమారి పేరు ఐకో. 'ప్రేమ', 'శిశువు' అను అక్షరములు. అది చీనా తత్త్వవేత్త మెన్షియస్ గ్రంథము నుండి గ్రహింపబడినది. ఈ 'కో' అనునది ఒకప్పుడు ఉన్నత వంశముల స్త్రీలకే చెల్లినది. ఇరువదవ శతాబ్దమున ఊరి బడిలోని బాలికలందరికిని వచ్చినది. నేటి తల్లిదండ్రులు దానిని పాతబడినదని విడిచిపెట్టుచున్నారు.

అంతకు ముందు సామాన్య స్త్రీల పేర్లు చాల పొట్టివి. ఉమే (మన ఉమ కాదు, ఒక జాతి రేగుపండు వంటి ఫలవృక్షము, మంచు కరుగకముందే పూయునది), మత్సు అనగా దేవదారు వంటి చెట్టు, హనా అనగా పువ్వు. కంజి లేకుండ ధ్వని లిపితోనే వీనిని వ్రాసిరి. మగబిడ్డకు అర్థము గల అక్షరములు వెదకి, ఆడబిడ్డకు రెండు ధ్వనులతో సరిపెట్టిన ఇండ్లు ఎన్నియో. తోమే అను పేరునకు 'ఆగుము' అని, సుయే అను పేరునకు 'చివరిది' అని అర్థము. ఇక బిడ్డలు చాలునని తల్లిదండ్రులు మ్రొక్కుకొని పెట్టిన పేర్లివి. ఆ పేరును జీవితమంతయు మోసినది మాత్రము ఆ ఆడబిడ్డ.

ఇంతకంటె మనసును తాకు కథ యొకటి యున్నది. పదునారవ శతాబ్దాంతమున జపానును ఏలిన తొయొతొమి హిదెయొషికి వార్ధక్యమున పుత్రుడు కలిగెను. దిష్టి తగులకుండుటకై అతనికి సుతే అని, అనగా 'పారవేయబడినవాడు' అని ముద్దుపేరు పెట్టిరి. ఆ బిడ్డ 1591లో మరణించెను. 1593లో మరియొక కుమారుడు పుట్టగా వానికి హిరోయి, అనగా 'ఏరుకొనబడినవాడు' అని పేరు పెట్టిరి. బిడ్డను పారవేసినట్లు నటించి, మరియొకరిచే ఎత్తించి, తిరిగి తీసికొనుట ఆ కాలపు ఆచారము. తెలుగు పల్లెలలో పెంటయ్య, కుప్పయ్య అను పేర్లు ఎందుకు పుట్టినవో ఎరిగినవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. బిడ్డలు దక్కని తల్లి పసికందును పెంటకుప్ప మీద ఉంచి, తిరిగి తెచ్చుకొని, మృత్యువు కంటికి ఆ బిడ్డ విలువలేనిదిగా కనబడవలెనని ఆ పేరు పెట్టినది. దేశమంతయు కత్తి క్రింద నుంచిన ప్రభువునకును, మన ఊరి కూలి తల్లికిని భయము ఒక్కటే, ఉపాయము ఒక్కటే. పెంటయ్య అను పేరు విని నవ్వు విద్యార్థులు మన తరగతులలో నేటికిని ఉన్నారు. వారు ఈ సంగతి తెలిసికొనవలెనని మా కోరిక.

నవలాకారుడు నత్సుమే సోసెకి (1867–1916) అసలు పేరు కిన్నొసుకే. ఆయన పుట్టిన దినమున పుట్టినవాడు దొంగ యగునని నమ్మకము. బంగారమను అక్షరము పేరులో ఉన్నచో ఆ దోషము పోవునట; అందుకని ఆ అక్షరము చేర్చిరి. ఇప్పటికిని అక్కడ కంజిలోని గీతల సంఖ్య లెక్కించి పేరు బలము చెప్పు జ్యోతిష్కులున్నారు. మన దేశమున ఆంగ్లపు పేరులో ఒక అక్షరము అదనముగా దూర్చినచో అదృష్టము కలియునని చెప్పువారికి వారు జ్ఞాతులు. ఇరువురిని గూర్చియు మేము ఇంతకంటె చెప్పము.

ఇక ప్రభుత్వము సంగతి. 1875లో జపాను సామాన్య ప్రజలందరికిని ఇంటి పేరు తప్పనిసరి చేసిరి. బిడ్డ పుట్టిన 14 దినములలో పేరును కుటుంబ రిజిస్టరునకు తెలుపవలెను. 1948లో అమలునకు వచ్చిన కుటుంబ రిజిస్టరు చట్టము బిడ్డల పేర్లకు వాడుకలోనున్న సులభమైన అక్షరములనే వాడవలెనని విధించినది. నేడు నిత్యవ్యవహారమునకు నిర్ణయింపబడిన కంజులు 2,136, పేర్లకని అదనముగా అనుమతింపబడినవి 863, మొత్తము 2,999. వీనికి తోడు హిరగానా, కతకానా. రోమను లిపి చెల్లదు.

ఈ పట్టిక కొరకు న్యాయస్థానములకు ఎక్కినవారు కలరు. సప్పొరో నగరమున ఒక దంపతులు తమ కుమారుని పేరులో 'సో' అను ఒక అక్షరము వాడగోరిరి. అది పట్టికలో లేదని అధికారులు కాదనిరి. 2003 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానము ఆ తల్లిదండ్రుల పక్షమున తీర్పు చెప్పినది. ఒక్క అక్షరము కొరకు! మరుసటి సంవత్సరమే పట్టికకు 488 అక్షరములు ఒక్కమారుగా చేర్చిరి. ఆ చేర్పునకు తయారైన మొదటి ముసాయిదాలో క్యాన్సరు, శాపము, మలము అను అర్థములు గల అక్షరములు కూడ ఉండెను. పండితులు వాడుకను, వ్రాత సులభతను చూచిరి గాని అర్థమును చూడలేదు. ప్రజలు అభ్యంతరము తెలుపగా అవి తొలగింపబడినవి.

అక్షరములను కట్టడి చేసినంత మాత్రమున అర్థము కట్టుబడదు. 1993లో టోక్యో పరిధిలోని అకిషిమా పట్టణమున ఒక తండ్రి తన బిడ్డకు 'అకుమా', అనగా పిశాచము అని పేరు పెట్టబోయెను. ఆ పేరులోని రెండు కంజులును అనుమతింపబడినవే! పట్టణ కార్యాలయము మొదట స్వీకరించి, పిదప నిరాకరించినది. వ్యవహారము కుటుంబ న్యాయస్థానమునకు పోయినది; దేశమంతట చర్చ జరిగినది. కడకు ఆ బిడ్డకు వేరు పేరు పెట్టిరి. బిడ్డ తల్లిదండ్రుల ఆటవస్తువు గాదు. ఇస్లాము సంప్రదాయమున మంచి పేరు బిడ్డకు గల హక్కులలో ఒకటి. అవిధేయురాలను అర్థము గల 'ఆసియా' అను పేరును మార్చి ప్రవక్త మహనీయులు జమీలా అని పెట్టిన వృత్తాంతము మన ఉర్దూ విభాగపు మిత్రులకు కంఠస్థము. ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. ఫిరౌను భార్యయై, విశ్వాసమునకు ఆదర్శముగా కొనియాడబడు పుణ్యాంగన పేరు కూడ తెలుగు వ్రాతలో ఆసియాయే. మార్చవలసి వచ్చిన పేరు ఐన్, స్వాద్ అక్షరములతోను, గౌరవింపబడు పేరు అలిఫ్, సీన్ అక్షరములతోను వ్రాయబడును. తెలుగులో వ్రాసినచో ఈ రెంటికి తేడా లేదు. మన కళాశాలలో ఆసియా అను సోదరి ఎవరైన ఉన్నచో ఆమె ఏ ఆసియాయో మన రిజిస్టరు చెప్పజాలదు.

జపాను వారి రిజిస్టరునకు ఇందుకు వ్యతిరేకమైన లోపముండెను. అక్షరముల విషయమున ఇంత పట్టుదల గల ఆ కుటుంబ రిజిస్టరులో పిలుపునకు చోటు లేదు. ఫలితము 2007లో బయటపడినది. సుమారు 5 కోట్ల పింఛను రికార్డులు ఏ వ్యక్తివో తేలకుండ పడియున్నవని వెల్లడి కాగా దేశము అట్టుడికినది. కారణములు పెక్కు గలవు. వానిలో ఒకటి, కాగితము మీది కంజి పేర్లను కంప్యూటరునకు ఎక్కించునప్పుడు ఆయా మనుష్యులను అడుగక తోచినట్లు చదివి ధ్వని లిపిలో వ్రాయుట. యూకోను హిరోకోగా ఎక్కించినచో ఆమె వృద్ధాప్యపు కూడు వేరొక ఖాతాలో నిద్రించును. పేరు సంగతి పండితుల వినోదమని తలచువారికి ఈ ఒక్క సంఘటన చాలును.

మరియొక వైపున, పలుకునకు కట్టడి లేనందున క్రొత్త తరపు తల్లిదండ్రులు కొందరు చంద్రుడను కంజి వ్రాసి దానిని 'లూనా' అను విదేశపు మాటకు దగ్గరగా 'రునా' అని పిలువసాగిరి. 2023లో చట్టము సవరింపబడి, 2025 మే 26 నుండి పేర్ల పలుకు కూడ కుటుంబ రిజిస్టరులోనికి వచ్చినది. ప్రజలకు వారి పేర్ల పలుకు తెలుపు నోటీసులు పంపి, తప్పున్నచో సరిచేసికొనుటకు ఒక సంవత్సరము గడువిచ్చిరి. క్రొత్త పేర్లలో పలుకు సమాజము సామాన్యముగా అంగీకరించునదై ఉండవలెను. 'ఎత్తు' అని వ్రాసి 'పొట్టి' అని చదువుట, తారో అని వ్రాసి మైకేల్ అని చదువుట కుదరదు. ఆలస్యమైనను మంచి పనియే.

జపానును మేము ఆకాశమున కెత్తుచున్నామని ఎవరైన అనుకొందురేమో. తన పేర్ల విషయమున ఇంత సున్నితమైన ఆ దేశమే 1940లో తన ఏలుబడిలోని కొరియా ప్రజలపై జపాను పద్ధతి ఇంటి పేర్లను రుద్దినది. ఆరు నెలల గడువులో సుమారు నూటికి ఎనుబది కుటుంబములు అట్టి పేర్లు నమోదు చేసికొనవలసి వచ్చినది. తమ పూర్వుల పేరు విడువలేక వారు పడిన క్షోభను అల్పసంఖ్యాక వర్గముల వారు ఊహించుకొనగలరు.

యుద్ధానంతరము జపానులోనే నిలిచిపోయిన కొరియనులలో చోయ్ చాంగ్‌హ్వా అను క్రైస్తవ మతగురువు ఒకరు. 1975లో ప్రసార సంస్థయైన ఎన్.హెచ్.కె. వారు వార్తలలో ఆయన పేరులోని చీనా అక్షరములను జపాను పలుకుతో 'సై షోకా' అని చదివిరి. అక్షరము తప్పు లేదు; పిలుపే తప్పు. నా పేరు అది కాదని ఆయన దావా వేసెను. కోరిన నష్టపరిహారము ఒక్క యెన్, అనగా వారి నాణెములలో అతి చిన్నది. 1988 ఫిబ్రవరిలో అత్యున్నత న్యాయస్థానము ఆయనకు ఆ ఒక్క యెన్ కూడ ఇప్పింపలేదు. కాని తన పేరు సరిగా పిలువబడుట మనిషి వ్యక్తిత్వమునకు చెందిన ప్రయోజనమనియు, అది న్యాయ రక్షణకు అర్హమనియు చెప్పినది. ఓడిన ఆ దావా మాకు పెక్కు గెలుపులకంటె గొప్పదిగా తోచును.

జపాను నుండి నేర్చుకొనుట ఈ నేలకు క్రొత్త గాదు. హైదరాబాదు సంస్థానమున విద్యాశాఖకు అధిపతిగా నుండిన రాస్ మసూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు, 1922లో జపానునకు పోయి అక్కడి విద్యావిధానమును పరిశీలించి వచ్చి ఒక గ్రంథము వ్రాసిరి. అది 1923లో ప్రకటితమైనది. ఉర్దూ మాధ్యమముగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము అప్పటికి పసిది. ఒక ప్రాచ్యదేశము తన భాషలోనే ఆధునిక విద్యను ఎట్లు గరపినదో చూచుట వారి యాత్రకు ప్రయోజనము. వారు అంత దూరము పోయి అంత పెద్ద సంగతి నేర్చి వచ్చిరి. మేము కూర్చున్నచోటనే కూర్చుండి ఫారములోని ఒక గడిని మాత్రము అడుగుచున్నాము.

మన కళాశాల ప్రవేశ దరఖాస్తులో విద్యార్థి పేరునకు ఒకటే గడి, అదియు ఆంగ్లమున. పదవ తరగతి సర్టిఫికెట్టులో నున్నట్లు వ్రాయవలెనని నియమము. ఆ సర్టిఫికెట్టులోని వ్రాత ఎక్కడిది? ఏనాడో ఒక పాఠశాల బల్ల యొద్ద ఒక తండ్రి నోట చెప్పగా ఒక గుమాస్తా చెవితో విన్నది. మాలో ఒకని పేరు పాఠశాల పుస్తకమున ఒక విధముగను, మరియొక కార్యాలయమున వేరొక విధముగను పడినందున వాడు ఒక వేసవి సెలవులన్నియు అఫిడవిట్ల చుట్టు తిరిగెను. ఆ కార్యాలయము పేరు ఇచ్చట అనవసరము. ఏ కార్యాలయమైనను అట్లే యుండును. నీ పేరు అసలు ఎట్లు వ్రాయుదురు అని ఎవరైన అడిగినచో చూపుటకు వానియొద్ద ఒక్క ఆధారమును లేదు. వాడు తెలుగు మాధ్యమమున చదివినవాడు. తన పేరు ఉర్దూలో వ్రాయుట వానికి రాదు. నాయనమ్మ నడిగి నేర్చుకొనెను. ఆమె బలపముతో పలక మీద వ్రాసి చూపినప్పుడు తన పేరు జాల్‌తో మొదలగు భాగమును గూడ కలిగియున్నదని, తాను హెచ్చరించువాడనని వానికి పందొమ్మిదవ యేట తెలిసినది.

ఇట్టివారు మన కళాశాలలో పెక్కుమంది గలరు. కావున కమిటీ పెద్దలకు మా విన్నపము. సర్టిఫికెట్టు ప్రకారము వ్రాయు ఆంగ్లపు గడి ఉన్నట్లే యుండనిండు. దాని జోలికి మేము పోము. దాని క్రింద ఇంకొక రెండు గడులు చేర్పుడు. ఒకటి, విద్యార్థి మాతృభాషా లిపిలో పేరు. రెండవది, ఆ పేరు పలుకవలసిన తీరు తెలుగులో. మొదటి గడిని విద్యార్థియే తన చేతితో నింపవలెను. రానివాడు ఇంటికి పోయి పెద్దల చేత వ్రాయించుకొని రావలెను. ఇందువలన గుమాస్తాకు ఉర్దూ రావలసిన పని లేదు. హాజరు పట్టీలో రెండవ గడిని చూచి అధ్యాపకులు పిలువవచ్చును.

దీనికి వచ్చు ఆక్షేపణలు మేము వినియున్నాము. పనిభారము పెరుగునని కొందరు. ప్రభుత్వ కంప్యూటరులో ఈ గడులకు చోటు లేదని కొందరు. ప్రభుత్వమునకు పంపు పత్రములలో ఇవి ఉండనక్కరలేదు. మన రిజిస్టరులో ఉన్నచో చాలును. మతభేదములు పైకి వచ్చునేమో అని ఒక పెద్దలు శంకించిరి. కమల్, కమాల్‌లు ఒక బల్ల మీద కూర్చుండి ఒకరి పేరు ఒకరికి వ్రాసి చూపుకొనుటలో భేదమునకు తావెక్కడిదో మాకు తెలియలేదు. 'మీ పేరు ఏ అక్షరములతో?' అని అడుగు అలవాటు మన వరండాలలో పుట్టినచో సంతోషింపవలసినదే గదా.

ఈ సంచికకు రెండు ముఖపత్రములు. ఎడమనుండి తెరచినచో తెలుగు, కుడినుండి తెరచినచో ఉర్దూ. ఉర్దూ వైపున వ్రాసిన విద్యార్థుల పేర్లలో నజీర్‌లు ఇద్దరు గలరు. ఒకడు జాల్‌తో, ఒకడు జోయెతో. తెలుగు వైపు విషయసూచికలో ఇద్దరి పేర్లును ఒకే విధముగ అచ్చయినవి. అచ్చుపడిన పిమ్మట గాని మేము దానిని గమనింపలేదు. వచ్చే జూన్‌లో క్రొత్త దరఖాస్తు ఫారములు ముద్రణకు పోవునని కార్యాలయము వారు చెప్పిరి.